తెల్లచుక్క, పచ్చచుక్క

మార్ష్‌మాలో ప్యాకెట్‌ని అక్క బల్ల మీద బోర్లా పడేసింది. ముందువైపు ఏం రాసుందో ఆవిడకి అక్కర్లేదు. "ముందువైపు రాసేది అమ్ముకోడానికి తమ్ముడూ, వెనకవైపు రాసేది లాయర్లకి భయపడి. మనం చదవాల్సింది భయపడి రాసిందే" అంది. ఫ్రిజ్ పిడికి దారంతో కట్టిన భూతద్దం అందుకుని చిన్నక్షరాల మీద పెట్టింది. మొక్కజొన్న సిరప్, చక్కెర, డెక్స్‌ట్రోజ్, మొక్కజొన్న పిండి, నీళ్లు, జెలటిన్. జెలటిన్ దగ్గర వేలు ఆగిపోయింది. ప్యాకెట్ పక్కింటి పిల్లలకిచ్చే సంచీలోకి వెళ్లిపోయింది.

ఇది అమెరికాలో ఆర్కాన్సా రాష్ట్రం, బెంటన్‌విల్. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు కావడంతో మనవాళ్లు ఉద్యోగాలకి వచ్చి బాగానే స్థిరపడ్డారు. ఇళ్ల వెనక గడ్డి, గడ్డి దాటితే చెట్లు, చెట్ల కింద జింకలు. జింకలున్న చోట పిడుదులుంటాయి. మనూళ్లలో పశువుల చెవుల్లోనూ పొదుగు పక్కనా పట్టుకుని రక్తం తాగే పిడుదు తెలుసు కదా, కొన్నిచోట్ల గోమారి అంటారు, దాని అమెరికా చుట్టం. పేరు లోన్ స్టార్. ఆడ పిడుదు వీపు మీద సున్నం బొట్టు పెట్టినట్టు ఒకే ఒక తెల్లచుక్క ఉంటుంది. ఒంటరి నక్షత్రం అన్న పేరు అందుకే వచ్చింది.

బావ ఒక వేసవంతా పెరట్లో గడ్డి కోసుకుంటూ పాదాల చుట్టూ కుట్టించుకున్నాడు. వారాల తరబడి దురద పెట్టింది, తగ్గింది, మర్చిపోయాడు. తర్వాత ఒక శనివారం స్నేహితుల ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి మటన్ బిర్యానీ తిని, ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాడు. ఒంటిగంటన్నరకి అరచేతులు మండిపోతూ మెలకువ వచ్చింది. అద్దంలో చూసుకుంటే మెడ దగ్గర్నుంచి నడుం దాకా దద్దుర్లు. పెదవులు వాచాయి. ఆసుపత్రికి చేరేసరికి ఊపిరి అందడం లేదు. అక్కడ అడిగిన మొదటి ప్రశ్న, "కొత్తగా ఏమైనా తిన్నారా?" బావ చెప్పిన జవాబు, "నలభై ఏళ్లుగా తింటున్నదే." దాంతో ఆ విచారణ అక్కడే ముగిసింది. మూడోసారి ఇలాగే అయ్యాక ఒక ఎలర్జీ డాక్టరు తిండి గురించి కాకుండా, "పిడుదులు కుట్టాయా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న అడగడానికి వైద్యశాస్త్రానికి చాలా కాలం పట్టింది. ఇప్పటికీ అందరూ అడగరు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2022లో 1,500 మంది డాక్టర్లనూ వైద్య సిబ్బందినీ అడిగితే 42 శాతం మంది ఈ జబ్బు పేరే వినలేదన్నారు.

జబ్బు పేరు ఆల్ఫా-గాల్ సిండ్రోమ్. ఆల్ఫా-గాల్ అంటే ఒక చిన్న చక్కెర ముక్క: రెండు గాలక్టోజ్ అణువులు ఒక ప్రత్యేకమైన పద్ధతిలో కొక్కెం వేసుకున్న జంట. ఆవు, గేదె, మేక, గొర్రె, పంది, జింక, కుందేలు, ఇలా పాలిచ్చి పిల్లల్ని పెంచే జంతువులన్నిటి కణాల మీదా ఈ జంట ఉంటుంది. కోడికి లేదు, చేపకి లేదు, రొయ్యకి లేదు. చిత్రం ఏమిటంటే మనిషికీ లేదు. మనమూ పాలిచ్చే జాతే అయినా, ఆసియా, ఆఫ్రికా కోతులకీ వానరాలకీ మనకీ పూర్వీకులైన జీవుల్లో ఎక్కడో 2, 3 కోట్ల సంవత్సరాల కిందట ఈ జంటని అతికించే ఎంజైమ్ తాలూకు జన్యువు చెడిపోయింది. అప్పటినుంచి అది మన ఒంట్లో పనిచెయ్యని జన్యువుగా పడి ఉంది.

మన దగ్గర లేనిది గనక మన రోగనిరోధక వ్యవస్థకి అది పరాయిది. మన పేగుల్లో ఉండే కొన్ని బ్యాక్టీరియాల మీద అలాంటి చక్కెరలే ఉంటాయి కాబట్టి, చిన్నప్పటినుంచీ మనందరి రక్తంలో దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారవుతూనే ఉంటాయి. యూరి గలిలి అనే శాస్త్రవేత్త 1984లో ఈ సంగతి బయటపెట్టాడు. రక్తంలో తిరిగే ఐజీజీ తరహా యాంటీబాడీల్లో నూటికి ఒక వంతు దాకా ఈ ఒక్క చక్కెర కోసమే ఉంటాయని తేలింది. అయినా మనం మటన్ తింటున్నాం, ఏమీ కావడం లేదు. ఎందుకంటే ఐజీజీ కాపలావాడి లాంటిది, చూసి ఊరుకుంటుంది. పేచీ అంతా ఐజీఈ అనే మరో తరహాతో. అది ఊరంతా లేపే రకం. పిడుదు చర్మంలో నోరు దించి రోజుల తరబడి రక్తం తాగుతుంది, ఆ ఉమ్మిలో ఆల్ఫా-గాల్ ఉన్నట్టు కనుక్కున్నారు. నోటి దారిన రావలసిన చక్కెర చర్మం దారిన, అదీ గాయం చేసుకుని, దొంగలా వచ్చేసరికి కొందరి శరీరం దానికి ఐజీఈ తయారుచేసుకుంటుంది. ఆ తర్వాత ముందు గుమ్మంలోంచి వచ్చినా అదే చక్కెర దొంగగానే కనిపిస్తుంది.

ఇక్కడ ఒక్క మాట. గాలక్టోజ్ పేరు వినగానే కంగారు పడక్కర్లేదు. మన కందిపప్పులో, శనగపప్పులో, అలసందల్లో ఉండి కడుపుబ్బరం తెచ్చే రాఫినోజ్‌లోనూ గాలక్టోజ్ ఉంది, కానీ దాని కొక్కెం వేరే చోట ఉంది. పాలలోని లాక్టోజ్‌లోనూ ఉంది, ఆ కొక్కెం తీరే వేరు. యాంటీబాడీ చూసేది కొక్కేన్ని. పప్పుచారు నిర్దోషి.

ఈ చక్కెర గుట్టు రట్టయింది వంటింట్లో కాదు, క్యాన్సర్ వార్డులో. సెటుక్సిమాబ్ అనే మందు 2000ల నడిమి కాలంలో వాడుకలోకి వచ్చింది. టెనెసీ, నార్త్ కరొలైనా రాష్ట్రాల్లో ఆ మందు ఎక్కించిన రోగుల్లో 22 శాతం మందికి తీవ్రమైన రియాక్షన్ వచ్చింది, అదీ మొదటి డోసుకే. బోస్టన్ వైపు ఇలాంటివి చాలా అరుదు. ఒకే మందు, ఒకే దేశం, రాష్ట్రాన్ని బట్టి ఫలితం మారుతోంది. వర్జీనియా విశ్వవిద్యాలయంలో థామస్ ప్లాట్స్-మిల్స్ బృందం కారణం తవ్వితే, ఆ మందు తయారుచేసేది ఎలుక కణాల్లో అనీ, ఆ కణాలు మందు అణువు మీద ఆల్ఫా-గాల్ తగిలిస్తున్నాయనీ తెలిసింది. మందు పడని వాళ్ల రక్తంలో దానికి ఐజీఈ ముందే సిద్ధంగా ఉంది. మందు ఎన్నడూ తీసుకోని మామూలు జనం రక్తం పరీక్షించినా టెనెసీలో సుమారు 20 శాతం మందిలో ఉంది, బోస్టన్‌లో ఒక శాతం కూడా లేదు. 2008లో ఈ వివరాలు ప్రచురించారు. మరి టెనెసీ వాళ్ల ఒంట్లోకి ఇది ఎలా చేరింది? ప్లాట్స్-మిల్స్‌కి జవాబు తన కాళ్ల మీదే దొరికింది. 2007 ఆగస్టులో బ్లూ రిడ్జ్ కొండల్లో నడకకి వెళ్లి పిడుదు పిల్లలతో కాళ్లనిండా కుట్టించుకున్నాడు. తన రక్తంలో ఐజీఈ ఎక్కడం తానే కొలుచుకుంటూ వచ్చాడు. ఆ నవంబర్‌లో గొర్రె మాంసం తిన్న ఆరు గంటలకి ఒళ్లంతా దద్దుర్లు. ఆ రోజుల్లోనే ఆస్ట్రేలియాలో, సిడ్నీలో, షెరిల్ వాన్ నూనెన్ అనే డాక్టరు పిడుదు కాటుకీ మాంసం పడకపోవడానికీ ఉన్న లంకెని తన రోగుల్లో విడిగా గమనించింది. అక్కడి పిడుదు జాతి వేరు, కథ ఒకటే.

ఆ ఆరు గంటలే ఈ జబ్బులో అసలు మెలిక. వేరుశనగ పడనివాడికి నిమిషాల్లో తెలిసిపోతుంది. గొంతులో ముద్ద దిగకుండానే నేరస్తుడు దొరుకుతాడు. ఆల్ఫా-గాల్ రెండు నుంచి ఆరు గంటలు ఆగి కొడుతుంది. కారణం కొవ్వేనని అనుకుంటున్నారు. కొవ్వు నెమ్మదిగా అరిగి, పేగు గోడ దాటి, బొట్లుగా మూటకట్టుకుని, లింఫు నాళాల చుట్టుదారిన రక్తంలో కలవడానికి గంటలు పడుతుంది, దాన్ని అంటుకున్న చక్కెర కూడా దానితోపాటే వస్తుంది. నరంలోకి సూటిగా ఎక్కించిన మందు నిమిషాల్లోనే పట్టుకోవడం, నోటితో తిన్న మాంసం అర్ధరాత్రి దాకా ఆగడం, రెండూ దీనికి సరిపోతాయి.

ఇప్పుడు చిరుతిళ్ల దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఆలస్యం వల్ల ఎక్కువ మోసపోయేది అక్కడే. సాయంత్రం నాలుగింటికి ఆఫీసులో ఏదో ప్యాకెట్ చింపి నాలుగు తిన్నారు. ఎనిమిదింటికి ఇంట్లో కోడికూర, అన్నం. తొమ్మిదిన్నరకి కడుపులో మెలిపెట్టి, దద్దుర్లు. ఎవరి మీద పడతారు? కోడికూర మీద. మర్నాటినుంచి చికెన్ బంద్. అసలు దోషి ఆఫీసు సొరుగులో మిగిలిన సగం ప్యాకెట్‌లో కూర్చుని ఉంటుంది. పైగా ఈ జబ్బు ప్రతిసారీ ఒకేలా కనిపించదు. ఎంత తిన్నారు, అందులో కొవ్వెంత, పక్కన బీరు తాగారా, తిన్నాక పరిగెత్తారా, తలనొప్పికి ఇబుప్రొఫెన్ వేసుకున్నారా, ఇవన్నీ కలిస్తే ఒక్కసారిగా అంటుకుంటుంది, లేకపోతే ఊరుకుంటుంది. కొందరికి దద్దుర్లే రావు, కడుపునొప్పీ విరేచనాలూ మాత్రమే. "మొన్న తిన్నాను, ఏం కాలేదు" అన్న మాట మిగతా ఎలర్జీల్లో ఎంతో కొంత సాక్ష్యం. ఇక్కడ కాదు. నాలుక సాక్ష్యం చెల్లని చోట కాగితం సాక్ష్యమే దిక్కు. అక్క భూతద్దం పట్టుకున్నది అందుకే.

కానీ ఆ కాగితం రాసింది అక్క ప్రశ్నకి జవాబుగా కాదు.

అమెరికాలో 2004లో చేసిన చట్టం ప్రకారం ఎనిమిది ఎలర్జీ వస్తువుల పేర్లు ప్యాకెట్ మీద అందరికీ అర్థమయ్యే మాటల్లో ఉండాలి: పాలు, గుడ్డు, చేప, రొయ్యల జాతి, చెట్టు గింజలు, గోధుమ, వేరుశనగ, సోయా. 2021లో నువ్వుల్ని తొమ్మిదోదిగా కలిపారు, 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆవు, పంది, గొర్రె ఈ జాబితాలో లేవు. ఉండవలసిన అవసరం అప్పట్లో ఎవరికీ తోచలేదు. 2004 నాటికి ఈ జబ్బుకి పేరే లేదు మరి. అందువల్ల విచిత్రమైన పరిస్థితి వచ్చింది. చిప్స్ మీద చల్లిన మసాలాలో చిటికెడు వే (పాల విరుగుడు నీటి) పొడి ఉంటే కింద లావు అక్షరాల్లో "పాలు ఉన్నాయి" అని కనిపిస్తుంది. అదే మసాలాలో గొడ్డు కొవ్వు రుచి కలిపితే "సహజ రుచులు" అన్న రెండు మాటల చాటున దాగిపోవచ్చు. అమెరికా నిబంధన ఆ రెండు మాటల్లో దేన్నైనా ఇముడ్చుకోనిస్తుంది: మసాలా దినుసు, పండు, కూరగాయ, ఈస్ట్, చెట్టు బెరడు, మాంసం, కోడి, చేప, గుడ్డు, పాలు. చెట్టు బెరడూ సహజమే, గొడ్డు మాంసమూ సహజమే!

ఈ రెండు మాటలతో మనవాళ్లకి పాత పరిచయమే ఉంది. మెక్‌డొనాల్డ్స్ వాళ్లు 1990 దాకా బంగాళాదుంప ఫ్రైలు గొడ్డు కొవ్వులో వేయించేవారు. ఆ ఏడు కొవ్వు మానేసి పూర్తిగా నూనెకి మారామని గొప్పగా ప్రకటించారు. అమెరికాలో ఉన్న శాకాహారి భారతీయులు ఊపిరి పీల్చుకుని పదేళ్లకు పైగా తిన్నారు. తీరా చూస్తే పాత రుచి పోకుండా గొడ్డు మాంసం నుంచి తీసిన రుచిని కలుపుతూనే ఉన్నారు, పైకి "సహజ రుచి" అన్నారు. 2001లో సియాటిల్‌లో హరీష్ భర్తి అనే భారతీయ సంతతి లాయరు కోర్టుకెక్కాడు. 2002లో కంపెనీ క్షమాపణ చెప్పి, కోటి డాలర్లు శాకాహార, హిందూ తదితర సంస్థలకి ఇచ్చి రాజీ చేసుకుంది. అప్పుడు అది మతానికీ మనస్సుకీ సంబంధించిన గొడవ. అవే రెండు మాటలు ఇవాళ అక్క వంటింట్లో ప్రాణానికి సంబంధించిన గొడవ.

మరి మన పచ్చచుక్క? బెంటన్‌విల్‌లో ఇండియన్ స్టోరు నుంచి తెచ్చిన మురుకులు, చేగోడీలు, మిక్స్చర్ ప్యాకెట్ల మీద కూడా పచ్చచుక్క కనిపిస్తుంది. అక్క మొదట్లో దాన్ని పట్టుకుని సంబరపడిపోయింది. నిజానికి అమెరికా లేబుల్ తప్పనిసరిగా చెప్పక్కర్లేని మాట ఆ చుక్క చెబుతుంది. మన నిబంధనల ప్రకారం పచ్చచుక్క ఉన్న ప్యాకెట్‌లో జంతువు శరీరం నుంచి వచ్చిందేదీ ఉండకూడదు: జెలటిన్, పంది కొవ్వు, గొడ్డు కొవ్వు, మాంసం నుంచి తీసిన రుచి, ఏదీ. చిన్నక్షరాల అవసరం లేకుండా, చదువు రానివాడికి కూడా అర్థమయ్యేలా ఒక చుక్కలో ఇంత చెప్పిన దేశాలు తక్కువే. ఈ విషయంలో మనం కాస్త గర్వపడచ్చనిపిస్తుంది నాకు.

అయితే పాలకీ, పాల పదార్థాలకీ, తేనెకీ ఆ నిబంధనలోనే మినహాయింపు ఉంది. పచ్చచుక్క ఉన్న మైసూర్‌పాక్‌లో నెయ్యి ఉంటుంది, వెన్న మురుకుల్లో వెన్న ఉంటుంది. ఆల్ఫా-గాల్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి పాలు పడతాయి, కొందరికి పడవు, కొందరికి మజ్జిగ పడుతుంది, వెన్న శాతం ఎక్కువున్న ఐస్‌క్రీం పడదు. ఇక రెండో వైపు చూడండి. గోధుమరంగు త్రికోణం, అంటే ఇదివరకటి గోధుమరంగు చుక్క, ఉన్న ప్యాకెట్ అంతా ప్రమాదమా? కాదు. గుడ్డు కలిసిన కేకు మీదా ఆ గుర్తే, ఎండు రొయ్యల పొడి మీదా ఆ గుర్తే, చికెన్ పచ్చడి మీదా ఆ గుర్తే. పాలూ వెన్నా సంగతి పక్కన పెడితే ఇవన్నీ బావ నిశ్చింతగా తినచ్చు. మనం తరతరాలుగా గీసుకున్న గీత మొక్కకీ ప్రాణికీ మధ్య. ఈ జబ్బు గీసిన గీత పాలిచ్చే ప్రాణికీ, మిగతా లోకమంతటికీ మధ్య. కోడీ చేపా బెండకాయా ఒక పక్కన, ఆవూ మేకా జింకా మరో పక్కన. ఇంకా చెప్పాలంటే, శాకాహారం అన్న మాట అటు చాలదు, ఇటు ఎక్కువైపోతుంది.

పోనీ వీగన్ ముద్ర ఉన్నది తీసుకుంటే? చాలావరకు గట్టెక్కుతారు. అయినా ఒక సందు ఉంది. బాదం పాలలోనూ, చాక్లెట్ పాలలోనూ చిక్కదనం కోసం కలిపే కారజీనన్ అనే పదార్థం సముద్రంలో పెరిగే ఎర్ర నాచు నుంచి వస్తుంది. జంతువుతో సంబంధమే లేదు. కానీ దాని గొలుసులో గాలక్టోజ్‌లు అదే తీరులో కొక్కెం వేసుకున్న చోట్లున్నాయి. ఈ జబ్బున్నవాళ్లలో కొద్దిమందికి అదీ పడదు. కోషర్, హలాల్ ముద్రలు ఇంకో రకం తికమక. లోపలి జెలటిన్ పందిది కాదని హలాల్ చెబుతుంది. ఆవుది కాదని ఈ రెండు ముద్రల్లో ఏదీ చెప్పదు. "నాన్‌డెయిరీ" అని పెద్దక్షరాల్లో రాసిన, కాఫీలో పాలకి బదులు కలిపే పొడి డబ్బా వెనక్కి తిప్పితే సోడియం కేసినేట్, అంటే పాల ప్రోటీనే. చికెన్ సాసేజ్ అంటారు, లోపల చికెనే, పైన తొడుగు మాత్రం పంది పేగు. ఇవన్నీ అక్క ఒక్కొక్క దెబ్బ తిని నేర్చుకుంది.

దెబ్బల మధ్య ఒక ఏడాది పాటు అక్క ప్రతి పేరుకీ ఒకేలా భయపడింది. ఇంట్లో బియ్యం, కందిపప్పు, అరటిపళ్లు తప్ప మిగతావన్నీ అనుమానితులే. అది కూడా ప్రమాదమే, మనిషి తిండి మానేసి నీరసించిపోతాడు. భయాన్ని కొలుచుకోవడానికి నాకు తోచిన పద్ధతి ఒకటుంది: ఆ జంతువు ఎంత మిగిలి ఉంది అని అడగడం.

పంది కొవ్వులో, గొడ్డు కొవ్వులో జంతువు దాదాపు మొత్తంగా ఉంది, పైగా కొవ్వు రూపంలో ఉంది. మెక్సికన్ తరహా డబ్బా చిక్కుళ్ల ముద్దలో లార్డ్ అని కనిపిస్తుంది చూడండి, అది మన పప్పులాగే ఉంటుంది, శాకాహారమనుకుని మనవాళ్లు చపాతీలోకి నంజుకుంటారు. దాన్ని మారుమాట లేకుండా పక్కన పెట్టాలి. వండితే పోతుందిలే అనుకోవద్దు, ఈ చక్కెర వేడికి చెడిపోదు. జెలటిన్ అంటే పశువుల, పందుల తోళ్లూ ఎముకలూ ఉడికించి తీసిన జిగురు, కొంత చక్కెర అందులో మిగిలే ఉంటుంది. గమ్మీ బేర్లు నాలుగు తింటే ఏమీ కానివాడికి సంచీడు తింటే కావచ్చు. పైన చక్కెర పూత ఉన్న పాప్-టార్ట్‌లలోనూ, ఫ్రాస్టెడ్ మినీ వీట్స్ అనే అల్పాహారంలోనూ జెలటిన్ ఉంటుంది. చూడ్డానికి గోధుమ బిస్కెట్లే, అనుమానం ఎందుకొస్తుంది!

మోనో, డై గ్లిజరైడ్లు అనే పేరు దగ్గర మాత్రం కాస్త ఆగి ఆలోచించాలి. బ్రెడ్డు మెత్తగా ఉండటానికి, వేరుశనగ వెన్న విడిపోకుండా ఉండటానికి కలుపుతారు. సోయా నూనె నుంచి రావచ్చు, పామాయిల్ నుంచి రావచ్చు, పశువుల కొవ్వు నుంచీ రావచ్చు. ఏదో లేబుల్ చెప్పదు. కానీ శుద్ధంగా తీస్తే ఆ అణువులో చక్కెర గొలుసే ఉండదు, అశుద్ధం మిగిలితేనే పేచీ. ఎక్కువమంది తట్టుకుంటారు, బాగా సున్నితమైనవాళ్లు తట్టుకోరు. స్టియరిక్ యాసిడ్, గ్లిజరిన్ కూడా ఇదే కోవ. ఇక ఐఎన్‌ఎస్ 631, అంటే డైసోడియం ఐనోసినేట్. మన చిప్స్ మీదా నూడుల్స్ మసాలా మీదా కనిపించేదే. ఇది మాంసం నుంచో చేప నుంచో కూడా తయారుకావచ్చనీ, వినియోగదారుడికి ఆ సంగతి తెలియాలనీ 2021 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు గట్టిగా చెప్పింది. శాకాహారికి ఆ తీర్పు చాలా ముఖ్యం. ఎలర్జీ వైపునుంచి చూస్తే ఆ అణువు శుద్ధంగా ఉంటే అందులో ఆల్ఫా-గాల్ లేదు. అమెరికాలో కొన్నిచోట్ల చక్కెర తెల్లబరచడానికి ఎముకల బొగ్గు వాడతారని విని అక్క చక్కెర డబ్బా కూడా పారబోసింది. నిప్పుల్లో కాలి బొగ్గయిన ఎముకలో ఏ చక్కెర గొలుసూ మిగలదని చెబితే మళ్లీ కొనుక్కుంది. శాకాహారి మనస్సాక్షి వేరు, ఐజీఈ వేరు. ఒకటి పుట్టుక అడుగుతుంది, రెండోది మిగిలిందేమిటో అడుగుతుంది.

ఈ జబ్బు ఎంతమందికి ఉందో కచ్చితంగా లెక్క లేదు. 2010 నుంచి 2022 దాకా అమెరికాలో పరీక్షల్లో అనుమానిత కేసులుగా తేలినవి 1,10,000కి పైగా. పరీక్ష చేయించుకోనివాళ్లనీ కలుపుకుంటే 4,50,000 దాకా ఉండొచ్చని వ్యాధి నియంత్రణ కేంద్రం 2023లో అంచనా వేసింది. ఆర్కాన్సా, మిస్సోరి, కెంటకీ, టెనెసీ, వర్జీనియా ఎక్కువ ఉన్న చోట్లు, న్యూయార్క్ రాష్ట్రంలోని సఫోక్ కౌంటీ కూడా. 2024లో న్యూజెర్సీలో ఒకాయన హాంబర్గర్ తిన్న కొన్ని గంటలకి చనిపోయాడు, కారణం ఇదేనని తర్వాత తేల్చారు. బి రక్తవర్గం ఉన్నవాళ్లకి ఈ జబ్బు కాస్త తక్కువగా వస్తుందని అధ్యయనాలు చూపించాయి. బి వర్గం గుర్తు చక్కెర ఆల్ఫా-గాల్‌ని చాలా పోలి ఉంటుంది, సొంత చక్కెరని పోలినదాని మీద శరీరం అంత తేలిగ్గా కత్తి దూయదు. మన దేశంలో బి వర్గం బాగా ఎక్కువ. బావది ఓ.

పూర్తిగా నయం చేసే మందు లేదు. జేబులో ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ పెన్ను పెట్టుకోవడం, మళ్లీ పిడుదు కుట్టకుండా చూసుకోవడం, తిండి చూసుకోవడం. కొత్తగా కుట్టించుకోకపోతే కొందరిలో ఐజీఈ ఏళ్ల మీద తగ్గుతుంది. ఆల్ఫా-గాల్ లేకుండా జన్యువు మార్చిన పందికి 2020 డిసెంబర్‌లో అమెరికా ప్రభుత్వం తిండికీ మందులకీ అనుమతి ఇచ్చింది. బావకి అది చెబితే, "పంది ఎప్పుడూ తినలేదు, ఇప్పుడు జబ్బు పేరు చెప్పి మొదలుపెట్టమంటావా?" అన్నాడు.

నేను అక్కడున్న పది రోజుల్లో వంటింటి అలమర మొత్తం ఇద్దరం కలిసి జల్లెడ పట్టాం. చివరికి దొరికిన దొంగ తిండి కాదు. బావ రోజూ పొద్దున్నే కాఫీతో వేసుకునే విటమిన్ డి గోళీ. లోపలి విటమిన్ గొర్రె ఉన్ని జిడ్డు నుంచి తీసింది, పైన మెరిసే తొడుగు జెలటిన్. మూడేళ్లుగా ఒంటికి మంచిదని వేసుకుంటున్నాడు. డాక్టరునడిగి వేరేది మార్చారు.

మిగిలింది ఒక్క ప్యాకెట్. ఉల్లి కారం బఠాణీలు, బావకి ప్రాణం. వెనక దినుసుల్లో అన్నీ మనవే: బఠాణీ, సూర్యకాంతి నూనె, ఉప్పు, ఉల్లిపొడి, మిరప. చివర్లో "సహజ రుచులు". అక్క కంపెనీకి ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టింది. అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది.

"మీకు ఏ ఎలర్జీ అండీ? పాలా, వేరుశనగా?"

"క్షీరదాలు" అంది అక్క.

అవతల కాసేపు నిశ్శబ్దం. "సరుకు ఇచ్చేవాళ్లని అడిగి మీకు తిరిగి ఫోన్ చేస్తామండీ."

అక్క ప్యాకెట్ మీద స్కెచ్ పెన్నుతో ఆ రోజు తేదీ రాసి ఫ్రిజ్ పైన పెట్టింది. నేను ఇండియా వచ్చేసి నాలుగు నెలలైంది. మొన్న వీడియో కాల్లో అక్క వెనక ఫ్రిజ్ కనిపించింది. ప్యాకెట్ పైనే ఉంది. పక్కన ఇంకో రెండు చేరాయి, వాటి మీదా తేదీలున్నాయి.